ఆకు ఎముకలు

సోమవారం మధ్యాహ్నం కాన్వెంటు గేటు దగ్గర ఆయా లేదు.

రోజూ పన్నెండున్నరకల్లా ఆవిడ గేటు ఊచల్లోంచి చేతులు చాపి, తల్లులు తెచ్చిన క్యారేజీలు అందుకుని, ఎవరిది ఏ క్లాసో అడగకుండానే పోల్చుకుని లోపలికి పట్టుకుపోయేది. తల్లులు గేటు దాటి రాకూడదన్నది కరస్పాండెంటు గారి ఆర్డరు. అమ్మల్ని చూస్తే పిల్లలు ఇంటికొచ్చేస్తామని పేచీ పెడతారట. సత్యవేణి కాసేపు బయటే నిలబడింది. పొద్దుటి వానకి గేటు ముందంతా రొచ్చురొచ్చుగా ఉంది. క్యారేజీలో పప్పన్నం చల్లారిపోతోంది. గొళ్లెం మీద చెయ్యి వేసి చూస్తే అది పైకి లేచింది. చెప్పులు గేటు పక్కన విడిచి లోపలికి వెళ్లి వరండా ఎక్కింది.

క్లాసులన్నీ అన్నాల దగ్గరున్నాయి. మూతలు తీస్తున్న చప్పుడు, ఆవకాయ వాసన, పిల్లల గోల. యూకేజీ గది ముందు, వరండా మెట్లు దిగాక, వాన వెలిసిన చురుకు ఎండలో ఒక పిల్ల గోడవైపు తిరిగి చేతులు కట్టుకుని నిలబడి ఉంది. నీలం గౌను వెనకభాగం తడిసి కాళ్లకి అంటుకుపోయింది. తెల్ల మేజోళ్లు మడమల దాకా జారి పచ్చబడ్డాయి. పక్కనే బూట్లు విప్పి పెట్టి ఉన్నాయి. ఆ పిల్ల తన కూతురేనని పోల్చుకోడానికి సత్యవేణికి ఒక్క క్షణం పట్టింది. పొద్దుట తను వేసిన రెండు జడలూ, ఎడమ జడకి చాలక కాస్త పొట్టిగా మిగిలిన ఎర్ర రిబ్బనూ చూశాకే గుర్తుపట్టింది.

"హారికా!"

పిల్ల భుజాలు కదిలాయిగాని వెనక్కి తిరగలేదు. తిరగొద్దని చెప్పి ఉంటారు.

గదిలోంచి మేడమ్ గారు వచ్చింది. ఇరవై రెండేళ్లకి మించని మనిషి. అన్నం తింటున్న చేతిని పక్కకి ఒంచి పట్టుకుని నిలబడింది.

"మీరు లోపలికి రాకూడదండీ."

"ఏమైందండి పిల్లకి?"

"పోసేసుకుందండి. పాసుకెళ్లాలంటే ఇంగ్లీషులో అడగాలని జూన్ నుంచీ చెబుతున్నాం. క్లాసులో అందరూ అడుగుతున్నారు, ఇదొక్కర్తే అడగదు. మూడుసార్లు లేచి నిలబడిందండి. ఎందుకు లేచిందో నాకూ తెలుసు. నోరు తెరిస్తే కదా పంపించేది!"

"తెలుసాండీ?" అంది సత్యవేణి.

"ఆయ్, తెలుసు. చూస్తేనే తెలిసిపోతుంది కదండీ." ఆ మాట అన్నాక, ఎందుకో, మేడమ్ గారి గొంతు తగ్గింది. "ఒకళ్లని వదిలేస్తే అందరూ తెలుగులోనే అడుగుతారండి. కరస్పాండెంటు గారు మమ్మల్ని తిడతారు."

సత్యవేణి మెట్లు దిగి వెళ్లి, కూతురి చేతుల కట్టు విప్పింది. వేళ్లు మోచేతుల్ని ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే, ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. బూట్లు తీసుకుంది. గదిలోకి వెళ్లి బెంచీ కింద నుంచి పుస్తకాల సంచీ, నీళ్ల సీసా తీసుకుంది. అన్నాలు తింటున్న పిల్లలు తినడం మానేసి చూశారు.

"రేపు వచ్చేటప్పుడు ఒక జత బట్టలు సంచీలో పెట్టండి," అంది మేడమ్ గారు వెనకనుంచి.

తల్లీకూతుళ్లిద్దరూ కాలవ వంతెన దాకా వచ్చారు. ఓడలరేవు వెళ్లే బస్సొకటి రాసుకుపోతున్నట్టు పక్కనుంచి పోయింది. వంతెన దిమ్మ మీద పిల్లని కూర్చోబెట్టి మేజోళ్లు లాగేస్తూ అడిగింది సత్యవేణి: "ఎందుకమ్మా అడగలేదూ?"

హారిక పెదాలు చప్పుడు లేకుండా కదిలాయి. కాసేపటికి చిన్నగా వినిపించింది. "మే ఐ గో టూ..." అంతవరకూ అని ఆగిపోయింది. "తర్వాతది రాదమ్మా. మొత్తం రాకపోతే కూకోమంటారు."

*

కోడలూ మనవరాలూ ఆ వేళప్పుడు రావడం చూసి అప్పాయమ్మ చేతిలో చాకు కింద పెట్టింది. ఆవిడ వీధి పంచలో గోనెపట్టా మీద కాళ్లు చాపుకుని కొబ్బరి ఈనెలు చీరుతోంది. అత్తాకోడళ్లిద్దరి పనీ అదే. పచ్చి కొబ్బరి మట్టలు తెచ్చి, ఆకులు కోసి, ఒక్కొక్క ఆకులోంచీ ఈనె తీసి, ఎండబెట్టి చీపుళ్లు కట్టి ఇస్తే అమలాపురం నుంచి వ్యాను వచ్చి పట్టుకుపోతుంది.

సంగతి విని అప్పాయమ్మ మనవరాలి గౌను విప్పి, నూతి దగ్గర నాలుగు చెంబులు గుమ్మరించి, తన పాత చీర ముక్కతో ఒళ్లు తుడిచింది. "చిన్నపిల్లలన్నాక పోసుకోరా ఏంటి! దానికి ఎండలో నిలబెడతారా?" అని కాసేపు ఆ మేడమ్‌ని తిట్టింది. తిట్టడం అయ్యాక కోడలి మొహం చూసి, "అయితే ఇప్పుడేం చేత్తావు?" అంది.

"ఇంక పంపనండి అత్తయ్యగారూ."

"మరి చదువు?"

"ఒకటో తరగతికి ఎలిమెంటరీ స్కూల్లో వచ్చే జూన్‌కి గానీ చేర్చుకోరు కదండి. అందాకా నేనే చెప్తాను ఇంట్లో."

అప్పాయమ్మ ఆశ్చర్యపోయింది. "నువ్వా?"

"ఏడో తరగతి చదివేను కదండీ. ఏబీసీడీలు, అంకెలూ నాకు రావా?"

"వచ్చనుకో. ఇంట్లో చెప్పేది చదువంటారా ఎవరన్నా? ఊళ్లో అందరూ ఏమనుకుంటారు? శుక్రవారం అబ్బాయి ఫోన్ చేత్తే ఏం చెప్తావు?"

సత్యవేణి భర్త దుర్గాప్రసాద్ కువైట్‌లో ఒక ఇంటి కారు తోలుతున్నాడు. అక్కడ శుక్రవారం సెలవు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ఎదురింటి వీరలక్ష్మి గారింటికి ఫోన్ చేస్తాడు. అందరి క్షేమాలూ గబగబా అడిగేసి, "అమ్మాయికియ్యి" అంటాడు. "ఏ రైమ్ నేర్చుకున్నావమ్మా?" అని అడుగుతాడు. హారిక చేతులు కట్టుకుని, రిసీవరు భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, కొత్త రైమ్ గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేస్తుంది. పక్క డ్రైవర్లకి వినిపించి మరీ మురిసిపోతాడు ఆయన.

"శుక్రవారానికి ఇంకా నాలుగు రోజులుంది కదండీ," అంది సత్యవేణి.

*

మంగళవారం పొద్దున్నే నడిమి గది ఊడ్చి చాప పరిచింది. గోడకున్న కేలండరు తిప్పేసి, వెనకవైపు తెల్లకాగితం మీద కాటుక పెన్సిలుతో ఏ నుంచి జెడ్ దాకా రాసింది. అలారం గడియారం గూట్లోంచి తీసి చాప ఎదురుగా పెట్టింది. ఉతికి ఆరేసిన నీలం గౌను మళ్లీ హారికకి తొడిగింది. యూనిఫారం లేకపోతే ఆడుకోడానికి కూర్చున్నట్టుంటుంది గాని చదువుకున్నట్టుండదని ఆమెకి అనిపించింది. టై కూడా కట్టింది.

తొమ్మిదింటికి అలారం మోగింది. హారిక చాప మీద కూర్చుని, చెప్పకుండానే చేతులు కట్టుకుంది.

ఆ మొదటి రోజు సత్యవేణికి గర్వంగానే గడిచింది. అక్షరాలు, అంకెలు, పదకొండింటికి పాలు, మళ్లీ అక్షరాలు. తన గొంతు పెద్దదై, మేడమ్ గారి గొంతులా సాగడం తనకే వినిపించింది. కిటికీలోంచి తొంగి చూసి వీరలక్ష్మి గారు, "బడి పెట్టేసేవేంటి సత్యవేణీ!" అని నవ్వింది. అందులో వెక్కిరింపు ఉందో లేదో సత్యవేణికి తెలియలేదు. ఆవిడ మనవడు కూడా ఆ కాన్వెంటులోనే ఎల్‌కేజీ. వాడికంటే హారిక వెనకబడకూడదని మాత్రం ఆ క్షణంలో గట్టిగా అనుకుంది.

బుధవారం అలా సాగలేదు. చిన్న బీకీ చిన్న డీకీ బొజ్జ ఎటువైపు రావాలో హారికకి పట్టుబడటం లేదు. పలక మీద పదిసార్లు రాయిస్తే ఆరు అటు తిరిగాయి, నాలుగు ఇటు తిరిగాయి. సత్యవేణి చెరిపి మళ్లీ రాయించింది. వీధి పంచలో అత్తగారి చాకు ఆకు మీద జారుతున్న సన్నటి చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. తను లేకపోవడంతో ఆవిడ పని సగానికి సగం వెనకబడింది. శుక్రవారం ఆయన అడుగుతాడు. ఏం నేర్పేవంటాడు. ఏం చూపించాలి?

"ఎటు తిరగాలి? చెప్పు. ఇందాకే కదా చెప్పేను!"

హారిక తల వంచుకుంది. కాన్వెంటులో ఈ పిల్ల ఎలా కూర్చునేదో ఇప్పుడు తెలిసింది సత్యవేణికి. ఇలాగే, ఒక్క మాటా పలక్కుండా, కళ్లు పలకకి అతికించుకుని. ఎవరికైనా కోపం వస్తుంది అనుకుంది. లేచి వెళ్లి ఆరిన ఈనెల్లోంచి ఒక మందపాటి ఈనె తెచ్చి పక్కన పెట్టుకుంది. కొట్టడానికి కాదు, చూస్తే భయం ఉంటుందని. ముందు నేల మీద రెండుసార్లు చరిచింది. మూడోసారి అది హారిక మణికట్టు మీద పడింది. ఎర్రటి సన్నగీత తేలింది. పిల్ల ఏడవలేదు. బలపం మళ్లీ చేతిలోకి తీసుకుని డీ రాసింది. ఈసారి సరిగ్గా వచ్చింది.

"చూసేవా, వచ్చింది!" అంది సత్యవేణి. ఆ రోజు అన్నం కలుపుతున్నప్పుడు ఆ గీత కనిపించింది. ఈనె దెబ్బే కదా, పొద్దుటికి పోతుందని సర్దిచెప్పుకుంది.

*

గురువారం పదింటికి ఆకాశం మూసుకొచ్చింది. వాకిట్లో రెండు రోజుల ఈనె ఆరబోసి ఉంది. తడిస్తే నల్లమచ్చలు పడి వ్యాను వాడు తీసుకోడు. "అమ్మాయ్, రావే!" అని అప్పాయమ్మ కేకేసింది.

"పలక నిండా ఒకటి నుంచి ఇరవై రాయి," అంది సత్యవేణి లేస్తూ. "నేనొచ్చేదాకా లేవకూడదు. తెలిసిందా?"

హారిక తలూపింది.

ఈనెలు చేతులకి గుచ్చుకోకుండా మొదళ్లు ఒకవైపు, కొసలు ఒకవైపు చేసి గుత్తులుగా ఎత్తాలి. తొందరగా ఎత్తితే కలిసిపోతాయి. సగం ఎత్తేసరికి చినుకులు పడ్డాయి. ఇద్దరూ పరుగులు తీస్తూ పంచలోకి చేర్చారు. తడిసినవి విడిగా తీసి, గుడ్డతో తుడిచి, నిట్టాడి గుంజకి ఆనించి నిలబెట్టారు. పనయ్యేసరికి ముప్పావుగంట పట్టింది. సత్యవేణి చీర కుచ్చెళ్లు పిండుకుని నడిమి గదిలోకి వచ్చింది.

హారిక విడిచి వెళ్లిన చోటే, అలాగే కూర్చుని ఉంది. పలక ఒళ్లో ఉంది. దాని నిండా అంకెలు వరసగా, ఒక్కటీ గీత దాటకుండా ఉన్నాయి. రాయడం ఎప్పుడో అయిపోయినట్టుంది. బలపం పక్కన పెట్టి ఉంది. చాప మీద, పిల్ల కింద నుంచి ఒక తడి చార బయల్దేరి, గుమ్మం వైపు పల్లానికి పారి, అక్కడ చిన్న మడుగు కట్టింది.

పెరటి తలుపు తీసే ఉంది. మరుగుదొడ్డి అక్కడికి పది అంగల దూరం.

సత్యవేణి ఇంకా నోరు విప్పలేదు. హారిక తల్లి మొహంలోకి చూసింది. తర్వాత పలక నెమ్మదిగా కింద పెట్టి, లేచి, కేలండరున్న గోడ దగ్గరికి నడిచి వెళ్లింది. గోడవైపు తిరిగి నిలబడి, చేతులు కట్టుకుంది.

ఎవరూ చెప్పలేదు. తనంతట తనే వెళ్లి నిలబడింది.

సత్యవేణి గుమ్మం పట్టుకుని అక్కడే, ఆ తడిలోనే కూలబడింది. దగ్గరికి వెళ్లి పిల్లని ఎత్తుకోవాలని ఉంది. తను చెయ్యి వేస్తే పిల్ల ఉలిక్కిపడుతుందేమోనని భయం వేసింది. కన్నకూతురిని ముట్టుకోడానికి భయపడటం ఆమెకి అదే మొదటిసారి. "రా అమ్మా," అంది చివరికి. "రా. నిన్నేం అనను." ఆ మాట మూడుసార్లు అనాల్సి వచ్చింది.

వెనక నిలబడి అంతా చూసిన అప్పాయమ్మ కేలండరు గోడ మీంచి తీసి, చుట్టి, దూలం సందులో పెట్టేసింది.

*

హన్నా టీచరు గారి ఇల్లు చర్చి వెనక ఉంది. ముప్పై ఏళ్లు ఎలిమెంటరీ స్కూల్లో చేసి రిటైరయిన మనిషి. సత్యవేణికి మూడో తరగతి చెప్పింది ఆవిడే. సాయంత్రం వాన తగ్గాక సత్యవేణి, హారికకి ఇంట్లో వేసుకునే పువ్వుల గౌను తొడిగి, చెయ్యి పట్టుకుని అక్కడికి వెళ్లింది.

టీచరు గారు అరుగు మీద కూర్చుని చేట్లో ములగాకు దూస్తోంది. వచ్చింది ఎవరో పోల్చుకుని, చేట ఇటు జరిపి చోటు చూపించింది. సత్యవేణి కూర్చుని తనూ ఒక రెమ్మ అందుకుంది. చేతులకి పని దొరికాక మాట వచ్చింది. సోమవారం నుంచి జరిగిందంతా చెప్పింది. ఈనె సంగతి దాచేద్దామనుకుంది గాని దాచలేకపోయింది. హారిక కాస్త ఎడంగా నిలబడి ఆకు దూయడం చూస్తోంది. టీచరు గారు పిల్లని పలకరించలేదు. పేరు కూడా అడగలేదు. ఒక రెమ్మ మాత్రం ఆ పిల్లకి అందే చోట పెట్టి ఊరుకుంది.

"మిమ్మల్ని అడుగుదామని వచ్చేనండి," అంది సత్యవేణి. "ఎలా చెప్పాలో నాకు తెలీలేదు. మీరు అంతమందికి చెప్పేరు కదండీ."

హన్నా టీచరు గారు చేతిలో ఉన్న రెమ్మ కొస దాకా దూసింది.

"నిన్నూ కొట్టేను నేను. గుర్తుందా?"

"లేదండి," అని, వెంటనే, "గుర్తుందండి," అంది సత్యవేణి. "ఏడో ఎక్కం."

"ఏ ఎక్కమో నాకు గుర్తులేదమ్మా. నీ వంతు రాగానే, నేను అడగక ముందే నువ్వు చెయ్యి చాపేసి నిలబడ్డావు. అది గుర్తుంది. ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నాను ఆ రోజు. ఇద్దరు ముగ్గురు టీచర్లకి చెప్పుకున్నాను కూడా." ఆవిడ ఖాళీ రెమ్మ పక్కన పడేసి ఇంకొకటి తీసుకుంది. "రిటైరయ్యి ఖాళీగా కూర్చున్నాక ఒక్కొక్కటీ గుర్తొస్తుంటాయి. ఎనిమిదేళ్ల పిల్ల అడగకుండానే చెయ్యి చాపిందంటే, ఆ చాపడం నేర్పింది నేనే కదా. ఎక్కం వచ్చిందో రాలేదో గాని, అది మాత్రం బాగా నేర్పేను."

సత్యవేణికి గోడ దగ్గరికి నడిచి వెళ్లిన చిన్న పాదాలు కళ్ల ముందు కదిలాయి.

"ఇప్పుడేం చెయ్యమంటారండి?"

"ఏమీ నేర్పకు."

"అదేంటండీ!"

"పలక తియ్యకు. ఆ యూనిఫారం దానికి కనపడనివ్వకు. నీ పని నువ్వు చేసుకో, పక్కన కూర్చుంటే కూర్చోనియ్యి, లేచిపోతే పోనియ్యి. ఏదైనా అడిగితే జవాబు చెప్పు. తెలియకపోతే తెలియదని చెప్పు. అంతే."

"ఎన్నాళ్లండి?"

"అది నిన్ను ఏదైనా అడిగేదాకా. ఎన్నాళ్లవుతుందో నేను చెప్పలేను."

లేచి వెళ్లబోతూ చూస్తే, హారిక తన ముందున్న రెమ్మ ఖాళీ చేసేసింది. ఆకులు చేట్లో వేసి, పుల్ల పక్కన పెట్టింది.

*

శుక్రవారం ఎండ కాసింది. సత్యవేణి అత్తగారి పక్కన గోనెపట్టా మీద కూర్చుంది. ఎడం చేత్తో ఆకు మొదలు పట్టుకుని, చాకు అంచు ఈనెకి ఆనించి, కొస దాకా ఒక్క ఊపున జార్చాలి. ఒక పక్క ఆకు విడిపోతుంది. తిప్పి మళ్లీ జారిస్తే రెండో పక్కా పోయి ఈనె మిగులుతుంది. మూడు రోజులు చాకు పట్టుకోకపోయేసరికి బొటనవేలు మొరాయించింది.

హారిక గుమ్మంలో నిలబడింది. కాసేపటికి మెట్టు మీద కూర్చుంది. అప్పాయమ్మ పిలవబోతే సత్యవేణి కళ్లతో వద్దంది. తొమ్మిదయింది. పదయింది. తను చేస్తున్నది తప్పేమో, ఇలా ఊరికే కూర్చోబెడితే ఉన్నది కూడా మర్చిపోతుందేమో అని సత్యవేణి లోపల కొట్టుకుంటూనే ఉంది. మధ్యలో హారిక లేచి పెరట్లోకి వెళ్లింది. గుమ్మం దాటేముందు ఒకసారి తల్లి వైపు చూసి ఆగింది. సత్యవేణి తలెత్తకుండా ఆకు చీరుకుంటూ ఉండిపోయింది. పిల్ల వెళ్లి, వచ్చి, ఈసారి పట్టా అంచున కూర్చుంది.

పదకొండు దాటాక ఒక ఆకు తీసుకుని గోరుతో చీల్చడం మొదలుపెట్టింది. రెండు పక్కలా పీలికలు పీలికలుగా లాగేసి, మిగిలిన ఈనెని ఎండకి ఎత్తి పట్టుకుని చూసింది.

"ఇది ఆకు ఎముకా అమ్మా?"

ఎముక కాదు, ఈనె అనాలి అన్న మాట సత్యవేణి నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది.

"అవునమ్మా, ఎముకే. ఈనె అంటారు దాన్ని."

"తీసేత్తే ఆకు నిలబడదా?"

"ఏమో. చూడు."

హారిక ఈనె తీసేసిన ఆకుని నిలబెట్టబోయింది. అది వాలిపోయింది. ఈనె ఉన్న ఆకుని నిలబెట్టింది. అది నిలిచింది. ఈనె లేనిదాన్ని మళ్లీ నిలబెట్టి చూసింది. మళ్లీ వాలింది. "ఎముక లేకపోతే పడిపోతంది!" అని నాయనమ్మకి చెప్పింది. ఇంక ఆపలేదు. అరిటాకుకీ ఎముకుంటుందా? ములగాకుకి ఎంత చిన్నదుంటుంది? రొయ్యకి ఎముకుండదేం? చెట్టుకి ఎక్కడుంటుంది, లోపలా బయటా? లేచి పెరట్లోకి పరుగెత్తి, దొరికిన ఆకల్లా తెచ్చి పట్టా మీద పెట్టి, చీల్చి చూసింది. చెట్టు ఎముక సంగతి సత్యవేణికి తెలియలేదు. "నాకూ తెలీదమ్మా," అంది. అమ్మకి తెలియనిది కూడా ఉందని హారిక కళ్లు పెద్దవి చేసుకుని చూసింది. అప్పాయమ్మ పని మానేసి మనవరాలినే చూస్తూ కూర్చుంది. "ఇంత గొంతుందా దీనికి!" అంది, తనలో తను అనుకున్నట్టు.

మూడింటికి వీరలక్ష్మి గారు గుమ్మంలోంచి పిలిచింది. "సత్యవేణీ, ఫోను!"

చేతులు చీరకి తుడుచుకుని వెళ్లింది. హారిక వెనకే వచ్చింది. దుర్గాప్రసాద్ ఎప్పట్లాగే గబగబా అందరి క్షేమాలూ అడిగాడు. ఊపిరి తీసుకోడానికి ఆయన ఆగినప్పుడు సత్యవేణి చెప్పేసింది. కాన్వెంటు మానిపించేనంది. ఎందుకో చెప్పింది.

"ఆ మేడమ్‌ని అడిగి రావాల్సింది," అన్నాడాయన కోపంగా. "దానికి స్కూలు మానిపిస్తారా ఎక్కడైనా? ఇక్కడ ఇంగ్లీషు రాక నేను పడుతున్నది చాలదా సత్యా? సోమవారం నుంచి పంపించు. అమ్మని వెళ్లి మాట్లాడమను."

"పంపనండి."

"ఏంటీ?"

"పంపనండి," అంది మళ్లీ. వీరలక్ష్మి గారు వంటింట్లోకి వెళ్లకుండా అక్కడే నిలబడి ఉందని తెలుసు. అయినా ఆగలేదు. "వాళ్లనే అనడానికి లేదండి. నేనూ ఇంట్లో అలాగే చెప్పేను. కొట్టేను కూడా. నా దగ్గరే, చాప మీదే పోసుకుందండి, లేవడానికి భయపడి. ఇంక అలా చెప్పను. అక్కడికి మాత్రం పంపను."

అవతల ఎవరో అరబ్బీలో మాట్లాడుకుంటూ పోతున్నట్టు వినిపించింది.

"అమ్మాయికియ్యి," అన్నాడు.

హారిక రిసీవరు రెండు చేతులతో పట్టుకుంది. అలవాటు కొద్దీ ఆయన ఏ రైమో అడిగే ఉంటాడు. పిల్ల ఒక్క క్షణం బిగుసుకుంది.

"నాన్నా, ఆకుకి ఎముకలుంటాయి తెలుసా నీకు?"

ఆయన ఏమన్నాడో.

"నిజం నాన్నా! కొబ్బరాకుకి పెద్దది. ములగాకుకి ఇంతే. ఇంతే ఉంటది. ఎముక తీసేత్తే పడిపోతంది. నేను చూసేను... కాదు, రొయ్యకుండదు. చేపకుంటది... ఊఁ... చెట్టుకి ఎక్కడుంటదో అమ్మకి కూడా తెలీదంట. నీకు తెలుసా?... నీకూ తెలీదా!" ఆ ఆఖరి మాటకి పిల్ల కిలకిలా నవ్వింది. "మరి కువైట్‌లో చెట్లున్నాయా నాన్నా? ఏ చెట్టు?... దానికీ ఎముకలుంటాయా?... చూడలేదా? రోజూ అక్కడే ఉంటావు కదా, ఎందుకు చూడలేదు?"

ఫోన్ కార్డులో నిమిషాలు అయిపోతాయని ప్రతి వారం తొందరపెట్టే మనిషి ఈ రోజు తొందరపెట్టడం లేదు. హారిక చెప్పాల్సిందంతా చెప్పి, రిసీవరు తల్లికిచ్చి, వాకిట్లోకి పరుగెత్తింది.

"ఏమండీ?" అంది సత్యవేణి.

"ఇంతసేపు మాట్లాడిందేంటి అది!" ఆయన గొంతులో కోపం లేదు. అందులో ఉన్నదేమిటో ఆమెకి పోల్చుకోడానికి రాలేదు. "రెండేళ్ల నుంచీ ప్రతి వారం ఫోన్ చేస్తున్నాను. రైములు తప్ప ఇంకోటి వినలేదు. నేనూ వేరేదేం అడగలేదనుకో. మా యజమాని ఇంటి ముందు ఖర్జూరం చెట్టుంది సత్యా. పొద్దస్తమానం దాని కిందే కారు పెట్టుకుని కూర్చుంటాను. ఆకు ఎలాగుంటుందో ఎప్పుడూ పట్టుకుని చూడలేదు."

"బడి సంగతి..."

"జూన్‌కి మాట్లాడుకుందాం. ఒకటో తరగతికి మాత్రం చేర్చాల్సిందే."

"ఆయ్."

"ఆ ఆకు సంగతి వచ్చే శుక్రవారం చెప్తాను. చూసి చెప్తానని చెప్పు దానికి. మర్చిపోకు."

ఫోన్ ఆగిపోయింది. సత్యవేణి రిసీవరు నెమ్మదిగా పెట్టింది. వీరలక్ష్మి గారు దగ్గరికి వచ్చింది. "ఏమన్నారమ్మా? బాగా తిట్టేరా?"

"లేదండి," అంది సత్యవేణి. "చూసి చెప్తానన్నారు."